‘మేరీ కోమ్’ సినిమా: ఇంట గెలిచింది, రచ్చ గెలవలేదు

ముందే చెప్పేస్తున్నాను. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో అమ్మానాన్నలు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్ జీవితం మీద తీసిన ‘మేరీ కోమ్’ చూడాలి. బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లలు మాత్రం ఈ సినిమాతోనే ఆగిపోవద్దు. మేరీ ఆడిన అసలు బౌట్లు, అంటే రింగ్‌లో జరిగిన పోటీలు, కూడా వెతుక్కొని చూడాలి. ఇంటి సంగతులు చెప్పినంత బాగా ఈ సినిమా ఆట సంగతులు చెప్పలేదు.

నేను హన్మకొండకు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక బాలికల గురుకులంలో పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్‌ను. డిగ్రీ వరకు కబడ్డీ ఆడాను. బీపీఈడీ చేసేటప్పుడు బాక్సింగ్ పట్టుకుంది, ఇంక వదల్లేదు. మా గ్రౌండ్‌లో రింగ్ లేదు. సున్నంతో ఇరవై అడుగుల చదరం గీసుకుంటాం, అదే మా రింగ్. వేపచెట్టు కొమ్మకు ఒక పంచింగ్ బ్యాగు వేలాడుతుంది. గ్లవ్స్ జతలు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి వంతులు వేసుకుంటారు. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరి చేయి లోపలికి పోతుంది.

మొన్న ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక మెస్ హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి పిల్లలందరికీ ఈ సినిమా వేశాం. సినిమా హిందీలో ఉంది. మా దగ్గర ఉర్దూ మాట్లాడే ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలు పక్కనున్నవాళ్లకు చెవిలో చెబుతూ పోయారు, కాసేపటికి ఆ అవసరం కూడా లేకపోయింది. నేను ఇంతకుముందు చూసిన సినిమానే. కానీ అంతమంది ఆడపిల్లల మధ్య కూర్చొని చూస్తే ఏ సీను ఎక్కడ తగులుతుందో స్పష్టంగా తెలిసింది.

సినిమా 2014 సెప్టెంబర్ 5న వచ్చింది. దర్శకుడు ఒమంగ్ కుమార్‌కు ఇది మొదటి సినిమా. నిర్మాతల్లో సంజయ్ లీలా భన్సాలీ ఉన్నారు. మేరీగా ప్రియాంకా చోప్రా, భర్త ఆన్లర్‌గా దర్శన్ కుమార్, కోచ్ నర్జిత్ సింగ్‌గా సునీల్ థాపా చేశారు. అందరినీ అలరించే మంచి చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కథ మణిపూర్‌లోని కాంగథెయి అనే పల్లెలో మొదలవుతుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మేరీకి కూలిపోయిన విమానం శిథిలాల్లో ఒక బాక్సింగ్ గ్లవ్ దొరుకుతుంది. అప్పటికి ఆమె పేరు మేరీ కాదు, మాంగ్టే చుంగ్‌నైజాంగ్. కొంచెం పెద్దయ్యాక ఒకణ్ని తరుముకుంటూ పోయి బాక్సింగ్ జిమ్‌లో పడుతుంది. నేర్పమని కోచ్‌ను అడుగుతుంది. ముప్పై రోజులు రా, అప్పుడు చూద్దాం అంటాడాయన. రోజూ వస్తుంది, ఆయన పట్టించుకోడు. అయినా వస్తుంది.

ఈ భాగం నాకు చాలా నచ్చింది. బాక్సింగ్ మొదలయ్యేది నిజంగా అట్లాగే. మా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్ల మొదటి రోజే గ్లవ్స్ తొడగమంటుంది. తొడగం. స్కిప్పింగ్ తాడు ఇస్తాం, గ్రౌండ్ చుట్టూ రన్నింగ్, ఆ తర్వాత అద్దం ముందో గోడ మీద నీడ ముందో నిలబడి ఖాళీ చేతులతో షాడో. వారం తిరిగేసరికి సగం మంది వాలీబాల్ దిక్కు పోతారు. మిగిలినవాళ్లే బాక్సర్లు. అడిగిన వెంటనే నేర్పని కోచ్‌ను చూపించడం ఈ సినిమా చేసిన మంచి పని. సునీల్ థాపా కూడా గొంతు పెంచకుండా, చూపుతోనే ఆ కోచ్‌ను నిలబెట్టాడు. నిజానికి ఆమెకు ఇంఫాల్‌లో తొలి పాఠాలు చెప్పింది కోసానా మైతై అనే కోచ్. నర్జిత్ సింగ్ ఆ తర్వాత వచ్చారు. సినిమా అందరినీ కలిపి ఒక్క మనిషిని చేసింది. రెండు గంటల కథకు అది తప్పదులే అని నేను సరిపెట్టుకున్నాను.

ఇంట్లో డబ్బు లేక అమ్మేసిన ఆవును తిరిగి తెచ్చుకోవడానికి మేరీ డబ్బుల కోసం ఒక వస్తాదుతో తలపడే సీను ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అది సినిమా కోసం వండిన సీనులాగే అనిపించింది. అక్కడ ఎక్కువసేపు ఆగను.

ఆగాల్సింది తండ్రి దగ్గర. బిడ్డ బాక్సింగ్ ఆడుతోందని తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు. రాష్ట్ర స్థాయిలో గెలిచాక గుట్టు బయటపడుతుంది. నేను కావాలా, ఆట కావాలా తేల్చుకో అంటాడు. ఆమె ఆట అంటుంది. ఆ మాట అన్నప్పుడు ప్రియాంక ముఖంలో పొగరు లేదు, భయం ఉంది. నాన్న తనతో మాట్లాడకపోతే ఎలా అన్న భయం. అది బాగా పట్టుకుంది. సినిమా అంతటిలో ఆమె నటన నాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడే.

ఈ సీను నాకు కొత్త కాదు. పేరెంట్స్ డే రోజు టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చే నాన్నలు నన్ను పక్కకు పిలిచి అడిగే మాట ఒక్కటే ఉంటుంది: “మూతి పగిలితే రేపు పిల్లనెవలు చేసుకుంటరు మేడం?” వాళ్లు చెడ్డవాళ్లు కాదు. హైదరాబాద్‌లో అడ్డా కూలికి పోయో, దుబాయ్‌లో ఎండలో పనిచేసో బిడ్డ చదువు కోసం తండ్లాడేవాళ్లు. ముక్కుకు దెబ్బ తగిలితే ఆ బిడ్డ బతుకే ఆగిపోతుందని నిజంగా భయపడతారు. సినిమాలోని తండ్రి కూడా అట్లాగే కనిపిస్తాడు. విలన్‌ను చేయలేదు. అసలు మేరీ తండ్రి చిన్నతనంలో కుస్తీ పట్టిన మనిషి. ఆటలంటే తెలిసిన ఆయనకే బిడ్డ ముఖం గురించి అంత బెంగ ఉంటే, మా ఊళ్ల నాన్నల సంగతి చెప్పక్కర్లేదు. తండ్రి మనసు మారడానికి సినిమా తొందరపడలేదు, కాలం తీసుకుంది. అది నిజాయితీ.

బాక్సర్ నిఖత్ జరీన్ విషయంలో కథ వేరుగా జరిగింది. నిజామాబాద్ పిల్ల అని మా పిల్లలందరికీ ఆమె అక్కలాంటిదే. ఆమెకు తండ్రే మొదటి కోచ్. మైదానంలో అన్ని ఆటల్లో అమ్మాయిలు కనబడుతుంటే బాక్సింగ్‌లో ఎందుకు లేరని చిన్నప్పుడు తండ్రిని అడిగిందట. అమ్మాయిలకు అంత బలం ఉండదని లోకం అనుకుంటుంది అని ఆయన చెప్పారట. అదే పట్టుదలై బాక్సింగ్ కోచ్ షంసముద్దీన్ సార్ దగ్గర చేరింది. సినిమా అయ్యాక ఈ సంగతి చెబితే ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, “మా నాయిన గూడ గట్లుంటే మంచిగుండు మేడం” అన్నది. ఆ మాటకు జవాబు చెప్పడానికే పేరెంట్స్ డేలు ఉన్నాయి మాకు.

ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఇంటి భాగం ఈ సినిమాకు ప్రాణం. పెండ్లి చేసుకుంటానంటే కోచ్‌కు కోపం వస్తుంది. పెండ్లితో ఆట అయిపోతుందని ఆయన లెక్క. పెండ్లి 2006 చాంపియన్‌షిప్ తర్వాత జరిగినట్టు సినిమా చూపిస్తుంది, నిజానికి 2005లోనే అయింది. 2007లో కవల కొడుకులు పుట్టారు. సినిమాలో మేరీ ఇద్దరు పసివాళ్లతో ఇంట్లో ఉండిపోతుంది. ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. ప్రభుత్వ ఉద్యోగానికి పోతే కానిస్టేబుల్ పోస్టు ఇస్తామంటారు, వద్దని వచ్చేస్తుంది.

ఈ సీను దగ్గర మా హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. “కానిస్టేబులొస్తే వద్దంటదా మేడం?” అని ఒకతి గట్టిగానే అడిగింది. అడగదా మరి? మా దిక్కు ఊళ్లలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తెల్లారుజామున రోడ్ల మీద రన్నింగ్ చేసేవాళ్లే కనబడతారు. ఎనిమిది వందల మీటర్ల టైమింగ్ కోసం పిల్లలు నా స్టాప్‌వాచ్ అడిగి తీసుకుపోతారు. అక్క సెలెక్ట్ అయితే ఇంటిల్లిపాదీ గట్టెక్కినట్టే. అట్లాంటి చోట ఒక చాంపియన్ ఆ ఉద్యోగం ఎందుకు వద్దన్నదో పిల్లలకు అర్థమయ్యేలా సినిమా ఇంకాస్త చెప్పాల్సింది. ప్రపంచ చాంపియన్ అయిన మనిషిని కింది మెట్టు దగ్గర నిలబెట్టారన్న బాధ ఆమెది. అదే ఆటలో గెలిచిన మగవాళ్లకు ఇంకా పై పోస్టులు వస్తుంటే ఆ బాధ రెట్టింపవుతుంది కదా. 2024లో నిఖత్‌కు మన రాష్ట్రం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆ రోజు పేపర్ కటింగ్ మా నోటీస్ బోర్డు మీద ఇప్పటికీ ఉంది. దాన్ని చూపిస్తే అడిగిన పిల్లకు మేరీ మనసు అర్థమైంది.

ఆన్లర్ పాత్ర గురించి చెప్పకపోతే అన్యాయం. ఫుట్‌బాల్ ఆడే మనిషి, భార్యను మళ్లీ గ్లవ్స్ తొడుక్కోమని తనే అంటాడు. పిల్లలకు పాలు పట్టడం, బట్టలు మార్చడం, నిద్రపుచ్చడం అన్నీ చేస్తాడు. దర్శన్ కుమార్ దాన్ని త్యాగంలాగా చేయలేదు, రోజూ చేసే పనిలాగే చేశాడు. నాకు కొడుకు పుట్టాక ఆరు నెలలకు గ్రౌండ్‌లోకి వచ్చినప్పుడు, “పసిపిల్లాణ్ని వదిలి ఈల ఊదుకుంట తిరుగుతున్నవా” అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఆయన బడికి సెలవు దొరికినప్పుడల్లా బాబును ఎత్తుకొని గ్రౌండ్ అంచున నిలబడేవాడు. ఆన్లర్‌ను చూస్తుంటే నాకు ఆ రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి. కాన్పు తర్వాత ఒళ్లు మాట వినకపోవడం, నడుము నొప్పి, పాలు వస్తుండగానే కసరత్తు చేయడం, ఇవి తెలిసినవాళ్లకు ఆ సీన్లు ఒట్టి సీన్లు కావు. తిరిగి ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు ఆమె ఆయాసపడే తీరు సరిగ్గా ఉంది. పిల్లల కోసం వచ్చే జోలపాట ప్రియాంకే సొంతంగా పాడింది, అది వినసొంపుగా ఉంది.

తిరిగి వచ్చిన మేరీ జాతీయ పోటీల్లో బాగా ఆడినా జడ్జీల పక్షపాతంతో ఓడిపోతుంది. కోపంతో కుర్చీ విసురుతుంది, నిషేధం పడుతుంది, క్షమాపణ రాసిస్తే అధికారి అవమానిస్తాడు. ఆటల్లో ఇట్లాంటివి లేవని నేను అనను. జిల్లా పోటీలకు పిల్లల్ని తీసుకుపోయి ఉత్త చేతులతో తిరిగివచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఆ అధికారిని మరీ నాటకాల్లో విలన్‌లాగా చూపించారు. మంచి భోజనం బిల్లు మీద సంతకం పెట్టించుకోవడానికి కూడా రెండు రోజులు తిప్పే మామూలు మనుషుల వల్లే పిల్లల ఆట ఎక్కువ ఆగిపోతుంది. ఆ మామూలుతనాన్ని చూపిస్తే ఇంకా కోపం వచ్చేది.

ఇక రింగ్ సంగతి. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది.

సినిమాలో మేరీ గెలిచే ప్రతిసారీ కోపం వల్లే గెలుస్తుంది. దెబ్బలు తింటుంది, పడిపోతుంది, ఇంటి మనుషుల ముఖాలు గుర్తొస్తాయి, కండ్లు ఎర్రబడతాయి, లేచి ఎడాపెడా కొడుతుంది, ఎదుటి మనిషి పడిపోతుంది. దీన్ని స్లో మోషన్‌లో, పెద్ద మ్యూజిక్‌తో చూపిస్తారు. పిల్లలు ఊగిపోయారు. సోమవారం పొద్దున గ్రౌండ్‌లో దాని ఫలితం చూశాను. పోయిన వారం వరకు ముఖానికి చేతులు అడ్డుపెట్టి గార్డ్ చక్కగా పెట్టిన తొమ్మిదో తరగతి పిల్ల, గడ్డం పైకెత్తి, మోచేతులు రెండు పక్కలకు తెరిచి, పళ్లు బిగబట్టి బ్యాగు మీద పడింది. ఒక్కో గుద్దుకూ ఒళ్లంతా ముందుకు తూలుతోంది, పాదాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చేయి కొట్టాక చెంప దగ్గరికి రావడం లేదు, తొడ దగ్గర వేలాడుతోంది. ఏందిరా ఇది అంటే, “కోపమొచ్చినంకనే గెలిచింది గద మేడం” అన్నది.

ఆ పిల్లను సున్నం గీతల మధ్య నిలబెట్టాను. నేను చేతులకు గుద్దులు ఆపే ప్యాడ్స్ వేసుకున్నాను. జాబ్, అంటే ముందు చేత్తో సూటి గుద్దు, కొట్టి అదే దారిలో చేయి వెనక్కి తెచ్చుకొమ్మన్నాను. తేలేదు. తేని ప్రతిసారీ ప్యాడ్‌తో చెంప మీద మెల్లగా తట్టాను. కాసేపటికి గడ్డం భుజం వెనక్కి పోయింది, ఎడమ కాలు ముందుకు వచ్చింది, మడమ లేచింది. కోపం పోయింది, ఊపిరి దారిలో పడింది. అప్పుడు ఆమె గుద్దు చప్పుడే మారిపోయింది. పక్కన వంతు కోసం నిలబడ్డ పిల్లలు కూడా ఆ చప్పుడు తేడా గుర్తుపట్టారు.

మేరీ కోమ్ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అంత పొట్టి మనిషి తనకంటే పొడుగ్గా, చేతులు పొడవుగా ఉన్నవాళ్లను ఇన్నేండ్లు ఓడించిందంటే అది పాదాల పని. దూరంగా ఉంటుంది, ఎదుటి చేయి తప్పి పోయిన క్షణంలో లోపలికి దూరి రెండు మూడు కొట్టి, తిరుగు దెబ్బ వచ్చేలోపు పక్కకు జారుకుంటుంది. కొట్టడం కంటే తప్పుకోవడం ఎక్కువ. సినిమాలో ఆ లెక్క కనబడదు. ప్రియాంక కండలు పెంచింది, కష్టపడి నేర్చుకుంది, షాట్‌లో ఆ కష్టం తెలుస్తుంది. కానీ కెమెరా ఎప్పుడూ ముఖం మీదా పిడికిలి మీదా ఉంటుంది. కాళ్లు చూపించని బాక్సింగ్ సినిమాతో పిల్లలు ఏం నేర్చుకుంటారు?

పాయింట్ల సంగతి కూడా అంతే. ఆ రోజుల్లో అమెచ్యూర్ బాక్సింగ్‌లో, అంటే ఒలింపిక్స్‌లాంటి పోటీల్లో, రింగ్ చుట్టూ కూర్చున్న అయిదుగురు జడ్జీల చేతిలో బటన్లు ఉండేవి. దెబ్బ శుభ్రంగా తగిలిందని కనీసం ముగ్గురు ఒక్క క్షణం తేడాలో నొక్కితేనే ఒక పాయింట్. ఎంత గట్టిగా కొట్టావన్నది కాదు, ఎంత కనబడేలా, గ్లవ్ ముందు భాగంతో, అడ్డు లేకుండా తగిలించావన్నదే లెక్క. 2013లో ఆ పద్ధతి తీసేసి, ఒక్కో రౌండ్‌లో మెరుగ్గా ఆడినవాళ్లకు పది పాయింట్లు ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఆ బటన్ల టెన్షన్ ఒక్క బౌట్‌లో చూపించినా చాలు, చూసేవాళ్లు కుర్చీ అంచుకు వచ్చి కూర్చునేవాళ్లు. రెండు నిమిషాల రౌండు, రెండు పాయింట్ల వెనుకబాటు, కొట్టింది తగిలింది కానీ ఇద్దరే నొక్కారు. ఇంతకంటే సినిమా ఏం కావాలి? కిందపడేసి గెలిపించాల్సిన అవసరమే లేదు.

చివరి పోటీ 2008లో చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్. ఆమె రింగ్‌లో ఉండగా ఇక్కడ కొడుకు గుండెకు ఆపరేషన్ జరుగుతుంటుంది. హాల్లో ఏడవని పిల్ల లేదు, నేనూ ఏడ్చాను. ఆపరేషన్ జరిగిన మాట నిజమే. కానీ అది 2011లో, ఆమె ఆసియా కప్ కోసం చైనాకు పోయినప్పుడు. రెండు సంఘటనలనూ తెచ్చి ఒకే రాత్రిలో కలిపేశారు. సినిమా వాళ్లకు ఆ స్వేచ్ఛ ఉంది, కాదనను. అయినా నా మనసు ఒప్పుకోని కారణం వేరే ఉంది. కాన్పయి ఏడాది దాటాక తిరిగి వచ్చి ప్రపంచ చాంపియన్ కావడమే ఒక పెద్ద కథ. దానికి ఇంకో కష్టం తగిలించక్కర్లేదు.

పైగా చేతిలో ఉన్న అసలైన కథను వదిలేశారు. రుమేనియాకు చెందిన స్టెలూటా డూటా అనే బాక్సర్ 2006లో ఢిల్లీలో, 2008లో నింగ్బోలో, 2010లో బార్బడోస్‌లో మూడు ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్‌లోనూ మేరీ చేతిలోనే ఓడింది. మూడుసార్లు ఒకే మనిషి ఎదురు నిలబడితే వాళ్లిద్దరి మధ్య ఎంత కథ ఉంటుంది! ఒకరి గుద్దు ఇంకొకరికి నిద్రలో కూడా తెలిసిపోయి ఉంటుంది. రెండోసారి ఆమె ఏం మార్చుకొని వచ్చింది, దానికి మేరీ ఏం మార్చుకుంది? ఆటగాళ్లకు కావాల్సిన కథ అది. సినిమాలో ఎదుటివాళ్లు ఒట్టి కోపిష్టి ముఖాలు మాత్రమే, వాళ్లకు ఇల్లు లేదు, ఊరు లేదు.

మేరీ పాత్రకు మణిపూర్ అమ్మాయిని ఎందుకు తీసుకోలేదన్న వాదన సినిమా వచ్చినప్పుడే నడిచింది. ఆ వాదన న్యాయమైనదే అనుకుంటున్నాను. ప్రియాంక బాగా చేసింది, కానీ ఆ కండ్లకు వేసిన మేకప్ దగ్గరి షాట్లలో ఇబ్బంది పెడుతుంది. మణిపూర్‌కే చెందిన లిన్ లైష్రామ్ ఇదే సినిమాలో చిన్న పాత్రలో కనిపిస్తుంది. ఆమె తెర మీదికి రాగానే చుట్టూ ఉన్న ఊరు ఒక్కసారి నిజమైనట్టు అనిపిస్తుంది. ఆ ఊరు కూడా మణిపూర్ కాదు, ఎక్కువ షూటింగ్ మనాలి దిక్కు జరిగింది. 2000లో మిలిటెంట్లు పెట్టిన నిషేధం వల్ల మణిపూర్ థియేటర్లలో అప్పటికి హిందీ సినిమాలు ఆడటం లేదు. దాంతో సొంత రాష్ట్రంలోనే మేరీ సినిమా హాళ్లలో పడలేదు. మన జిల్లా మనిషి మీద సినిమా తీసి మన ఊరి టాకీసులో ఆడకపోతే ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇంకొక పెద్ద లోటు ఉంది. దానికి దర్శకుణ్ని అనలేం. ఈ సినిమా తొందరగా తీశారు. అది విడుదలైన నెల తిరగకముందే, 2014 అక్టోబర్ 1న దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఆమె బంగారు పతకం గెలిచింది. భారత మహిళా బాక్సర్లలో ఆ పతకం గెలిచిన మొదటి మనిషి. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం, అదే ఏడాది ఢిల్లీలో ఆరో ప్రపంచ టైటిల్. అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి, ముప్పై అయిదేండ్లు నిండాయి. అదే 2018లో పోలండ్‌లో ఒక టోర్నమెంట్‌కు తెల్లవారుజామున దిగింది. బరువు చూసుకుంటే 48 కిలోల కేటగిరీకి రెండు కిలోలు ఎక్కువ. పోటీకి ముందు బరువు తూచడానికి నాలుగు గంటలే ఉంది. గంటసేపు ఆపకుండా స్కిప్పింగ్ చేసి బరువు దించుకొని, బంగారం పట్టుకొచ్చింది. ఈ సంగతి చెప్పాక మా పిల్లలకు స్కిప్పింగ్ తాడు మీద ఉన్న చులకన పోయింది. లండన్ ఒలింపిక్స్ కూడా సినిమాలో లేదు. 2012లో మహిళల బాక్సింగ్‌ను మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టినప్పుడు 51, 60, 75 కిలోలు, మూడే కేటగిరీలు. 46, 48లో ఆడుకునే మనిషి తనకంటే భారీ వాళ్లతో 51లో తలపడి కాంస్యం తెచ్చింది. సెమీస్‌లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది. ఆ ఓటమి బౌట్‌ను నేను పిల్లలకు ఫోన్‌లో చూపిస్తాను. ఎత్తున్న మనిషి జాబ్‌తో దూరం ఎట్లా కాపాడుకుంటుందో, లోపలికి రావడానికి మేరీ ఎన్ని దారులు వెతికిందో అందులో కనబడుతుంది.

ఇక్కడే ఉత్తర తెలంగాణ వాళ్లం మాట్లాడుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కు, అంటే అర్హత పోటీకి, మేరీని ట్రయల్ (ఎంపిక పోటీ) లేకుండా పంపాలని చూసినప్పుడు, ట్రయల్ పెట్టండి అని నిఖత్ జరీన్ క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఆ డిసెంబర్‌లో ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది, బౌట్ అయ్యాక చేయి కలపలేదు. మా పిల్లలకు ఆ వీడియో కూడా చూపించాను. కొందరికి మేరీ మీద కోపం వచ్చింది. రావాలి కూడా. సినిమాలో మేరీ ఎప్పుడూ అన్యాయానికి గురైన మనిషే, ఆమె వల్ల ఇంకొకరు నొచ్చుకోవడం ఉండదు. నిజమైన చాంపియన్ అంత నున్నగా ఉండదు. తన చోటును ఇంకొకరికి వదలడం ఆమెకు ఇష్టం లేదు, అందుకే అన్నేండ్లు గెలిచింది. ట్రయల్ అడిగే హక్కు నిఖత్‌కు ఉంది. ఆ అడగడం వల్లే ఈ రోజు ఎవరైనా ధైర్యంగా అడుగుతున్నారు. తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. ఈ ఇద్దరినీ ఒకే రింగ్‌లో నిలబెట్టి, ఎవరినీ విలన్‌ను చేయకుండా తీసే సినిమా వస్తే నేను మొదటి రోజు మొదటి ఆట చూస్తాను.

చూడాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సినిమా రెండు గంటల చిల్లర ఉంటుంది. మొదట్లోనే కర్ఫ్యూలో నొప్పులు పడే గర్భిణి సీను ఉంది, చిన్నపిల్లలు భయపడతారు. ఆరో తరగతి దాటినవాళ్లకు ఫరవాలేదు. హిందీ రానివాళ్లు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, లేదంటే పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకోండి. పీఈటీలు ఎవరైనా బడిలో వేస్తే, అది అయిపోగానే లండన్ సెమీస్ బౌట్ కూడా వేయండి. పిల్లల కండ్లు పాదాల మీద పెట్టమని ముందే చెప్పండి.

వచ్చే పేరెంట్స్ డే రోజు తండ్రి నిలదీసే సీను నుంచి కవలలతో ఇంట్లో ఉన్న భాగం వరకు మెస్ హాల్లో వేస్తామని ప్రిన్సిపాల్ మేడంను అడిగాను, సరే అన్నారు. నాన్నలు వచ్చేది పదకొండు తర్వాత కాబట్టి కిటికీలకు నల్ల గుడ్డలు కట్టాలి. ఆ పని తొమ్మిదో తరగతి వాళ్లు తీసుకున్నారు.